కిశోరశిక్షణ: చంద్రగిరి అశ్వచరిత్రలో నమోదు కాని తొలి నాలుగేళ్లు

వ్యాససంగ్రహం

గుర్రపుపిల్లను పుట్టినది మొదలు మనిషికి మచ్చిక చేసి, నాలుగైదేళ్లకు స్వారీకి సిద్ధపరచడాన్ని ప్రాచీనులు అశ్వపోషణలో కీలకభాగంగా గుర్తించారు. చంద్రగిరి కేంద్రంగా ఎదిగిన సాళువ పాలకులు, ఆ తరువాతి విజయనగర ప్రభువులు తమ అశ్వబలాన్ని ప్రధానంగా సముద్రవ్యాపారం ద్వారా సమకూర్చుకున్నారు. ఫలితంగా గుర్రం జీవితంలోని ఈ తొలిదశ తెలుగునేల మీది ఆధారాలలో దాదాపు కనిపించదు. కిశోరశిక్షణకు సంబంధించిన ప్రాచీన విధులను, ఆధునిక పరిశోధన ఫలితాలను పక్కపక్కన ఉంచి, ఈ లోటు ప్రభావం అశ్వలక్షణ గ్రంథాల స్వభావంపై ఎలా పడిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కిశోరం, మచ్చిక, సాహిణి, అశ్వలక్షణం, సాళువ నరసింహుడు, చంద్రగిరి

ఉపోద్ఘాతం

సాళువ నరసింహరాయల గురించి పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ 16వ శతాబ్దంలో ఒక విశేషాన్ని నమోదు చేశాడు. హోర్ముజ్, ఏడెన్ రేవుల నుండి వచ్చే గుర్రాలను రాయలు వర్తకులు అడిగిన ధరకే కొనేవాడు. వెయ్యి పరదాలకు మూడు గుర్రాలు. దారిలో సముద్రం మీద చనిపోయిన గుర్రానికైతే తోక తెచ్చి చూపితే చాలు, బ్రతికున్న గుర్రానికి ఇచ్చినంత సొమ్మూ చెల్లేది.

ఈ కథనాన్ని చరిత్రకారులు సాధారణంగా విజయనగర సైనికావసరాల తీవ్రతకు, విదేశీవ్యాపార విధానానికి ఉదాహరణగా చూపుతారు. అది సరైన అన్వయమే. అయితే ఇందులో మరొక అంశం కూడా దాగి ఉన్నది. తోకకు వెల కట్టిన ఆ వ్యవస్థలో గుర్రం ఒక పూర్తయిన సరుకు. అది ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో పెరిగింది, తొలిసారి తలకు తాడు వేసినది ఎవరు, ఎలా వేశారు అన్న ప్రశ్నలకు ఆ లెక్కలో చోటు లేదు.

1485 ప్రాంతంలో విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించక పూర్వం నరసింహరాయలకు బలకేంద్రం చంద్రగిరి. 16వ శతాబ్దం చివరలో ఆరవీటి వేంకటపతిరాయల కాలంలో అదే దుర్గం రాజధాని కూడా అయినది. నేడు తిరుపతి జిల్లాలో ఉన్న ఈ కోటలోని రాణీమహలు కింది అంతస్తు ఒకప్పుడు గుర్రపులాయంగా ఉపయోగపడిందనే అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందన్నది వాస్తుపరిశోధకులు తేల్చవలసిన విషయం. ఏదేమైనా చంద్రగిరి పాలకుల రాజకీయం అశ్వబలంతో ముడిపడినది. కనుక ఆ బలానికి మొదటి మెట్టయిన కిశోరశిక్షణను ఈ స్థలం నుండి పరిశీలించడం సమంజసం.

మచ్చిక అనే మాట

గుర్రపుపిల్లకు సంస్కృతంలో ‘కిశోరం’ అని పేరు. తల్లిగుర్రాన్ని తెలుగుకవులు ‘గోడిగ’ అన్నారు. పిల్లను మనిషికి అలవాటు చేసే పనికి తెలుగులో వాడే మాటలు ‘మచ్చిక’, ‘మాలిమి’. ఈ రెండింటికీ స్నేహం, ప్రేమ అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషువారు ఇదే పనిని గుర్రాన్ని ‘విరవడం’ అంటారు. మాటను బట్టి ఒక జాతి ఆచరణను నిర్ణయించడం తొందరపాటే అవుతుంది. తెలుగులోనూ ‘కళ్ళెం వేయడం’, ‘లొంగదీయడం’ అనే పలుకుబళ్లు లేకపోలేదు. అయినా పశువుకు, మనిషికి మధ్య ఏర్పడే తొలి సంబంధాన్ని చెప్పేటప్పుడు భాష చనువును సూచించే పదాన్నే ఎంచుకోవడం గమనించదగినది. ఆధునిక పరిశోధన కూడా, వేరే దారిలో, ఈ పదానికి దగ్గరగానే వచ్చింది.

పుట్టిన తొలిరోజులు

గుర్రం దాదాపు పదకొండు నెలలు మోసి ఈనుతుంది. పుట్టిన పిల్ల సుమారు గంటలోపు లేచి నిలబడుతుంది, రెండు గంటలలోపు పాలు తాగుతుంది. తల్లి గర్భంలో ఉండగా రోగనిరోధక ద్రవ్యాలు దానికి చాలినంతగా అందవు. అందువల్ల తొలి జున్నుపాలు మొదటిరోజులోనే, వీలైనంత త్వరగా కడుపులో పడాలి. పరుగెత్తి ప్రాణం కాపాడుకునే జాతి కాబట్టి దాని ఇంద్రియాలు పుట్టుకతోనే పనిచేస్తాయి. కళ్లు తెరవని కుక్కపిల్లకు, నిలబడి చుట్టూ చూసే గుర్రపుపిల్లకు మధ్య ఉన్న ఈ భేదమే తొలిశిక్షణకు మూలం. అది నేర్చుకోవడం మొదటి గంట నుండే ఆరంభమవుతుంది, మనిషి నేర్పినా నేర్పకపోయినా.

ఈ ఆధారంతోనే అమెరికా పశువైద్యుడు రాబర్ట్ మిల్లర్ 1980, 1990 దశకాలలో ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. పుట్టిన వెంటనే పిల్లను పట్టుకొని, ఒళ్లంతా చేతితో నిమిరి, చెవులు, నోరు, గిట్టలు పదేపదే తాకితే అది జీవితాంతం మనిషికి బెదరదని అతని వాదం. పద్ధతి ఎంతో ఆదరణ పొందింది. కానీ తరువాత జరిపిన నియంత్రిత పరీక్షలలో అలా తాకించుకున్న పిల్లలకు, మామూలుగా పెరిగిన పిల్లలకు మధ్య కొన్ని నెలల తరువాత చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఫ్రాన్సులోని రెన్ విశ్వవిద్యాలయానికి చెందిన సెవెరిన్ ఆన్రీ, మార్టిన్ హౌస్‌బర్జే బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ఈ చర్చను మరొక వైపుకు మళ్లించింది. వారు పిల్లను తాకలేదు. ఈనిన తరువాత మొదటి ఐదు రోజులు ప్రతిరోజూ కొద్దిసేపు తల్లిగుర్రాన్ని మృదువుగా తోమి, చేతితో మేత పెట్టారు. పిల్ల పక్కనే ఉండి చూసింది, అంతే. ఆ పిల్లలు తరువాత మనుషుల దగ్గరకు తామై వచ్చాయి, నిమిరించుకున్నాయి, వీపు మీద జీనుగుడ్డ వేస్తే తక్కువగా బెదిరాయి. ఈ ప్రభావం ఏడాది వయసు వరకు నిలిచింది. దీనికి భిన్నంగా, పుట్టగానే పిల్లను బలవంతంగా పట్టుకోవడం, పొదుగు దగ్గరకు నెట్టి పాలు తాగించడం వంటి చర్యలు ఆ పిల్లలలో మనిషి పట్ల విముఖతను పెంచినట్లు అదే బృందం చేసిన తరువాతి పరిశీలనలు చూపాయి.

అంటే మచ్చిక తల్లి ద్వారా పిల్లకు సంక్రమిస్తుంది. గోడిగకు సాకేవాని మీద నమ్మకం ఉంటే కిశోరానికీ ఉంటుంది. ఈ నిర్ధారణకు చరిత్ర అధ్యయనంలో ఒక తీవ్రమైన పర్యవసానం ఉన్నది. తల్లిని, సాకేవానిని, పుట్టినచోటును వదిలి ఓడ ఎక్కిన గుర్రం తనకు తెలిసిన మనిషిని కూడా అక్కడే వదిలివస్తుంది.

ఇంత సూక్ష్మంగా కాకపోయినా ఈ సంగతి ప్రాచీనులకు తెలుసు. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనఫన్ తన అశ్వారోహణ గ్రంథంలో, పిల్లను శిక్షకునికి అప్పగించేటప్పుడు కొడుకును విద్యకు పంపినట్లే షరతులు వ్రాసుకోవాలన్నాడు. అయితే అప్పగించే నాటికే అది మనిషిని ఇష్టపడేటట్లు చూడవలసినది యజమాని. ఆకలి, దాహం, ఈగల బాధ ఒంటరిగా ఉన్నప్పుడు కలగాలి. మేత, నీరు, ఉపశమనం మనిషి చేతి మీదుగా అందాలి. గుంపుల మధ్యకు నడిపించి అన్ని దృశ్యాలకు, శబ్దాలకు అలవాటు చేయాలి. బెదిరితే దండించక అనునయించాలి. నేటి శిక్షకులు చెప్పే ‘ఒత్తిడి, విడుదల’ సూత్రం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడుస్తుంది. పగ్గాన్ని కొద్దిగా లాగి, పిల్ల ఒక్క అడుగు వేయగానే వదులు చేస్తారు. దానికి పాఠం నేర్పేది ఆ వదులే. లాగుతూనే ఉండేవాడు పిల్లకు ఎదురులాగడం నేర్పుతాడు.

అర్థశాస్త్రంలో కిశోరం

భారతీయ గ్రంథాలలో కిశోరపోషణకు అత్యంత నిర్దిష్టమైన విధి కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో, అశ్వాధ్యక్షుని ప్రకరణంలో కనిపిస్తుంది. ఈనిన గోడిగకు మూడు రాత్రులు ప్రస్థం చొప్పున నెయ్యి, తరువాత పది రాత్రులు ప్రస్థం పేలపిండితో స్నేహద్రవ్యాలు, ఔషధాలు ఇవ్వాలి. పిల్లకు పది రాత్రులు గడిచిన తరువాత ఆరవ నెల వరకు ఒక కుడుబం పేలపిండి, అందులో నాలుగోవంతు నెయ్యి, ఒక ప్రస్థం పాలు. ఆరునెలల తరువాత ప్రస్థం యవలతో మొదలుపెట్టి, నెలనెలా అరప్రస్థం పెంచుతూ మూడేళ్లు నిండేవరకు. ఆపై నాలుగేళ్ల వరకు ద్రోణం యవలు. నాలుగైదేళ్లకు గుర్రం పూర్తి ప్రమాణం పొంది పనికి తగినదవుతుంది.

ఈ సంఖ్యలను లెక్క వేసి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు ముప్ఫై నెలలు. నెలకు అరప్రస్థం పెంపు అంటే పదిహేను ప్రస్థాలు. మొదటి ప్రస్థంతో కలిపి పదహారు. పదహారు ప్రస్థాలే ఒక ద్రోణం. కనుక మూడేళ్ల తరువాత నిర్దేశించిన ద్రోణం యాదృచ్ఛికం కాదు, అది నెలవారీ పెంపు చేరే గమ్యం. కాగితం మీద కూర్చిన అంకెలలోనూ ఇటువంటి పొందిక ఉండవచ్చు. కానీ పెరిగే పశువు మేతను అకస్మాత్తుగా పెంచకూడదనే నియమం ఈ పట్టికకు ఆధారంగా ఉన్నదనడంలో సందేహం లేదు. పిల్లగుర్రానికి ధాన్యాన్ని ఒక్కసారిగా పెంచితే కడుపునొప్పి, గిట్టవాపు కలిగే ప్రమాదాన్ని నేటి పశువైద్యం కూడా హెచ్చరిస్తుంది.

నాలుగైదేళ్ల పరిమితి కూడా పరిశీలనతో వచ్చినదే. గుర్రానికి ముందరి పాలపళ్లు సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లకు జతలు జతలుగా ఊడి శాశ్వతదంతాలు వస్తాయి. ఐదేళ్లకు నోరు నిండుతుంది. వెన్నుపూసల పెరుగుదల ఐదారేళ్ల వరకు పూర్తికాదు. పందెపు గుర్రాలను రెండేళ్లకే పరుగెత్తించే నేటి పద్ధతితో పోలిస్తే కౌటిల్యుని ఆజ్ఞ ఎక్కువ ఓర్పు కలది.

అదే ప్రకరణంలో గోడిగలకు, ఆబోతుగుర్రాలకు, కిశోరాలకు ఏకాంతస్థలాలు విధించబడ్డాయి. అశ్వశాలలో కోతులు, నెమళ్లు, జింకలు, ముంగిసలు, చకోరాలు, చిలుకలు, గోరువంకలు ఉండాలన్న సూచన కూడా ఉన్నది. విషాన్ని, పాములను పసిగట్టడానికి అని దీనికి సాధారణంగా చెప్పే వివరణ. ఇన్ని అరుపుల మధ్య పెరిగిన పిల్ల యుద్ధరంగపు రొదకు అంతగా బెదరకపోవచ్చునన్నది ఊహ మాత్రమే అయినా, లాయం గురించి తెలిసినవారికి అది అసంగతంగా తోచదు.

ఓడ దిగిన గుర్రం

అయితే అర్థశాస్త్రమే ఉత్తమాశ్వాలు కాంభోజ, సింధు, ఆరట్ట, వనాయు దేశాలవని పేర్కొన్నది. దక్షిణాదికి ఆ దేశాలన్నీ దూరం. 13వ శతాబ్దం చివరలో పాండ్యరాజ్యాన్ని చూసిన మార్కోపోలో, అక్కడ గుర్రాలను పెంచరని, మేలైన మగగుర్రాన్ని మేలైన గోడిగతో కలిపినా వంకరకాళ్ల చిన్న పిల్లే పుడుతుందని వ్రాశాడు. ఏటా వేలల్లో వచ్చే గుర్రాలలో ఏడాది తిరిగేసరికి కొద్దిపాటివే మిగులుతాయని, వాటికి అన్నంతో ఉడికించిన మాంసం పెడతారని కూడా అతడు చెప్పాడు.

పర్షియన్ చరిత్రకారుడు వస్సాఫ్ కథనం శిక్షణ విషయంలో ఇంతకంటె ముఖ్యమైనది. కొత్తగా వచ్చిన గుర్రాలను నలభై రోజులు లాయంలో తాళ్లతో, మేకులతో కట్టివేసి, వేయించిన యవలు, నెయ్యి కలిపిన ధాన్యం, కాచిన ఆవుపాలు పెట్టి బలిపిస్తారని, తరువాత ఏ శిక్షణా ఇవ్వకుండానే, అంకవన్నెలు వంటి సాధనాలు కూడా లేకుండా ఎక్కి దౌడు తీయిస్తారని, అందుచేత ఎంత చురుకైన గుర్రమైనా కొద్దికాలంలోనే మందగించి పనికిరాకుండా పోతుందని అతని ఆరోపణ. గుర్రాలను అమ్మే ప్రాంతపు రచయిత కొనేవారిని చిన్నచూపు చూడడం ఇందులో కొంత ఉండవచ్చు. అయినా అతడు గుర్తించిన లోపం ఖచ్చితమైనది. పరాయిచోటికి వచ్చిన గుర్రానికి మేత అందింది, పరిచయం అందలేదు. నలభై రోజుల కట్టుకొయ్య మీద మచ్చిక కుదరదు.

వాతావరణం, మేత, లాడం వేసేవారి కొరత అనే కారణాలతోనే దక్షిణాది గుర్రాల అల్పాయుష్షును వివరించే వాదన అందువల్ల అసంపూర్ణం. తొలి నాలుగేళ్లు ఒక దేశంలో, తరువాతి జీవితం మరొక దేశంలో గడపవలసి రావడం కూడా ఒక కారణంగా లెక్కకు రావాలి.

కృష్ణదేవరాయల కాలానికి ఈ పరిస్థితి కొంత మారినట్లు కనిపిస్తుంది. రాజు ఏటా పదమూడు వేల గుర్రాలను కొనేవాడని, వాటిలో హోర్ముజ్ గుర్రాలతో పాటు దేశవాళీవి కూడా ఉండేవని నూనిజ్ చెబుతాడు. మేలైనవి తన లాయానికి ఉంచుకొని, దేశవాళీ గుర్రాలను నాయకులకు వెయ్యి పరదాలకు ఐదు చొప్పున ఇచ్చేవాడు. ఆ సొమ్ముతోనే పోర్చుగీసువారి అరబ్బీ గుర్రాల వెల తీరేది. నరసింహరాయల నాటి వెయ్యికి మూడు అనే ధరతో దీనిని నేరుగా పోల్చడం కుదరదు. ఒకటి వర్తకునికి ఇచ్చిన వెల, మరొకటి నాయకుని నుండి రాబట్టినది. కాలమూ వేరు. ఇక్కడ ప్రధానమైన సంగతి ధర కాదు. దేశవాళీ గుర్రాలు అంత సంఖ్యలో అమ్మకానికి వచ్చాయంటే వాటిని ఈనించి, నాలుగేళ్లు సాకినవారు ఈ నేల మీద ఉన్నారు. మార్కోపోలో మాటను దక్షిణాపథానికంతటికీ, అన్ని శతాబ్దాలకూ వర్తింపజేసే అలవాటును ఈ ఒక్క వాక్యం ప్రశ్నిస్తుంది.

లక్షణగ్రంథాలు ఎవరి ప్రశ్నకు సమాధానం

శాలిహోత్రుని పేరిట, నకులుని పేరిట ప్రచారంలో ఉన్న సంస్కృత అశ్వశాస్త్రాల పరంపరలో తెలుగులో ప్రసిద్ధమైనది మనుమంచి భట్టు రచించిన హయలక్షణ విలాసము. ఈ పరంపరలో రంగులు, సుడులు, అవయవప్రమాణాలు, దంతాలను బట్టి వయోనిర్ణయం, గతిభేదాలు, చికిత్స విస్తారంగా చర్చింపబడతాయి. సుడి ఎక్కడ ఉంటే శుభమో, ఎక్కడ ఉంటే యజమానికి కీడో శాస్త్రకారులు ఓపికగా వివరించారు. సాహిత్యపరిశోధకులు ఈ భాగాన్ని సాధారణంగా మూఢవిశ్వాసంగా పక్కన పెడతారు, లేదా కావ్యవర్ణనలకు ఆకరంగా చూస్తారు.

వీటిని కొనుగోలుదారుని శాస్త్రంగా చదివితే ఆ విస్తరణకు కారణం బోధపడుతుంది. రేవులో లేదా సంతలో నిలబెట్టిన గుర్రానికి గతం తెలియదు. తల్లి ఎటువంటిదో, సాకినవాడు ఎటువంటివాడో చెప్పేవారు లేరు. వర్తకుని మాట నమ్మదగినది కాదు. ఇక కొనేవానికి మిగిలినది గుర్రం ఒళ్లే. దాని మీద చదవగలిగినదంతా చదవాలి. పళ్లు వయసును నిజంగానే చెబుతాయి. నడక కాళ్లలోని లోపాన్ని చెబుతుంది. సుడి స్వభావాన్ని చెబుతుందా అన్నది వేరే సంగతి. (పశువుల నుదుటిసుడి ఉన్న ఎత్తుకు, వాటి బెదురుకు సంబంధం ఉన్నదని టెంపుల్ గ్రాండిన్ బృందం 1995లో ప్రకటించిన దరిమిలా ఈ ప్రశ్న పూర్తిగా నవ్వుకొని వదిలేయదగినదిగా లేదు.) పిల్లను కళ్లముందు పెంచుకున్నవానికి సుడులతో పనిలేదు. దాని గుణం వానికి ముందే తెలుసు. రాయలసీమ పల్లెలలో నేటికీ సంతలో ఎద్దును కొనేటప్పుడు సుడులు చూస్తారు. ఇంట పుట్టిన కోడెదూడకు ఆ పరీక్ష అంత పట్టింపుగా చేయరు.

ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగంలో కూడా చింత ఇదే దిశలో సాగుతుంది. దూరదేశాల నుండి ఏనుగులను, మేలుగుర్రాలను తెచ్చే వర్తకులను ఆదరించి, వారి సరుకు శత్రువులకు చేరకుండా చూడాలన్నది అక్కడి ఉపదేశం. రాజ్యం దృష్టి రేవు మీద ఉన్నది, ఈనే గోడిగ మీద కాదు.

సాహిణి

గ్రంథాలు వదిలిన పనిని చేసినవారి జాడ బిరుదులలోనూ జీతాల లెక్కలలోనూ కొంత దొరుకుతుంది. కాకతీయ యుగంలో గజాశ్వశాలల అధికారికి ‘సాహిణి’ అని వ్యవహారం. నృత్తరత్నావళి కర్త జాయప గణపతిదేవుని గజసాహిణి. భాస్కర రామాయణాన్ని అంకితం పొందినవాడు సాహిణి మారన. తెలుగు సాహిత్యచరిత్ర ఈ బిరుదును తరచుగా పేరులో భాగంగానే చూసి ముందుకు సాగుతుంది. ఒక మహాకావ్యానికి కృతిపతి కాగల హోదా లాయపు అధికారికి ఎలా వచ్చిందన్నది వేరుగా విచారించదగిన విషయం.

విజయనగరంలో రాజు కొలువులో గుర్రాలను చూసుకునే పదహారు వందల మంది, వారితో పాటు మూడు వందల మంది అశ్వశిక్షకులు ఉండేవారని నూనిజ్ లెక్క. సాకేవారి నుండి శిక్షకులను విడిగా లెక్కించడం గమనార్హం. వస్సాఫ్ నిందించిన నిర్లక్ష్యం నుండి రెండు శతాబ్దాలలో దక్షిణాది ఎంతో దూరం వచ్చిందనడానికి ఇది ఆధారం. కానీ ఈ మూడు వందల మంది పనిలో ఎక్కువభాగం వచ్చిన గుర్రాన్ని తిరిగి మచ్చిక చేసుకోవడమే అయి ఉండాలి. వేరే భాషలోని పిలుపులకు, వేరే రకం కళ్ళేనికి, వేరే మేతకు అలవాటుపడిన జంతువును ఉలవలకు, కొత్త చేతికి, కొత్త మాటకు మళ్లించడం పిల్లకు మొదటిసారి నేర్పడం కంటె కష్టమైన విద్య. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అమరకోశం చెప్పిన పంచధారలను రౌతు తొడల ఒత్తిడితో, వాగె కదలికతో తెప్పించడం ఆ తరువాతి మెట్టు.

రాజు ఇచ్చిన గుర్రం చనిపోతే, ముద్ర ఉన్న చర్మపు ముక్కను లాయపు అధికారికి చూపితేనే మరొక గుర్రం దక్కేదని కూడా నూనిజ్ వ్రాశాడు. నరసింహుని కాలంలో తోక, తరువాతి కాలంలో చర్మపు ముక్క. చావును ఇంత శ్రద్ధగా నమోదు చేసిన వ్యవస్థ పుట్టుకను నమోదు చేసిన ఆధారం ఈ వృత్తాంతాలలో కనిపించదు.

తరువాతి కాలం

తూర్పిండియా కంపెనీ తన అశ్వదళం కోసం 1824లో హోసూరులో గుర్రాల పెంపకక్షేత్రాన్ని నెలకొల్పింది. నేడు తమిళనాడులో ఉన్నా తెలుగువారు గణనీయంగా నివసించే ఆ ప్రాంతంలో కిశోరశిక్షణ కొంతకాలం సర్కారు లెక్కల్లోకి ఎక్కింది. అశ్వదళాల ప్రాధాన్యం తగ్గిన తరువాత 20వ శతాబ్దంలో అది పశుక్షేత్రంగా మారింది. అక్కడ పనిచేసిన తెలుగు కుటుంబాల వృత్తిపదజాలం సేకరణ భాషాశాస్త్ర విభాగాలకు ఇప్పటికీ అందుబాటులో ఉన్న పని.

చంద్రగిరికి కనుచూపు దూరంలోని తిరుమలలో మాత్రం గుర్రం ఇంకా కొలువులోనే ఉన్నది. బ్రహ్మోత్సవ వాహనసేవలలో ఏనుగులు, వృషభాలతో పాటు అలంకరించిన అశ్వాలు ముందు నడుస్తాయి. డోలు, నాదస్వరం, గోవిందనామఘోష, దీపాల వెలుగు, వేలాది జనం మధ్య బెదరక నిలబడడం ఏ గుర్రానికీ సహజం కాదు. దానికి దూరంగా వినిపించే వాద్యం నుండి దగ్గరి వాద్యం వరకు, పదిమంది నుండి వందల మంది వరకు మెట్లు మెట్లుగా అలవాటు చేయవలసి ఉంటుంది. జీను కంటె ముందు అలంకారవస్త్రపు బరువు, ఆ బరువు కంటె ముందు వీపు మీద చేయి. మొదటిసారి ఊరేగింపుకు వచ్చే గుర్రాన్ని అనుభవం ఉన్న గుర్రం పక్కన నడిపించడం ఇటువంటి శిక్షణలో లోకమంతటా ఉన్న ఆచారం. తల్లిని చూసి పిల్ల ధైర్యం తెచ్చుకునే తొలి ఐదురోజుల పాఠానికి అది కొనసాగింపు.

తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల ఉన్నది, ప్రాచ్యభాషల, చరిత్ర శాఖలు ఉన్నాయి. ఊరేగింపు గుర్రాలను నడిపించేవారు పిల్లను పిలిచే పిలుపులు, ఆపే అదిలింపులు, బెదిరినప్పుడు అనే మాటలు, గిట్ట ఎత్తించడానికి తట్టే చోట్లు ఒక పట్టికగా సిద్ధమైతే, హయలక్షణ విలాసము వంటి గ్రంథాలలోని పారిభాషికపదాలతో వాటిని పోల్చి చూడడం సాధ్యమవుతుంది. ఆ పోలికలో ‘సుడి’కి ఎన్ని మాటలు దొరుకుతాయో, ‘మచ్చిక’కు ఎన్ని దొరుకుతాయో మొదట లెక్కించవలసి ఉంటుంది.